నాటికలో సీన్ పండటం లేదా? లోపం ఎక్కడుందో ఇలా పట్టుకోండి

రిహార్సల్‌లో సీన్ పండకపోతే మనం ముందు నటుడి మీద పడతాం. "ఇంకా ఫీలవ్వు", "గట్టిగా చెప్పు" అంటాం. చాలాసార్లు తప్పు అతనిది కాదు. ఇతివృత్తం (కథాంశం), పాత్ర, సంభాషణ, రంగచలనం (రంగం మీద నటుల కదలిక), ఆహార్యం (వేషం, అలంకరణ), లైటింగ్ - వీటిలో ఏది చెడిందో పేరు పెట్టి చెప్పగలిగితే సగం పని అయినట్టే. నాటక పరిభాష నేర్చుకోవాల్సింది అందుకే.

పది నిమిషాలకే హాల్లో ఫోన్లు వెలుగుతున్నాయి

నటన బాగుంది, డైలాగులు బాగున్నాయి, అయినా జనం కుర్చీల్లో అటూ ఇటూ కదులుతున్నారు. సంఘర్షణ లేదన్నమాట. పాత్రలు సమస్య గురించి మాట్లాడుకుంటున్నాయే తప్ప ఒకదానికొకటి అడ్డుపడటం లేదు. స్క్రిప్ట్ ముందు పెట్టుకుని ప్రతి సీన్‌కీ రెండు ప్రశ్నలు వేయండి. ఈ మనిషికి ఇప్పుడు, ఇక్కడ ఏం కావాలి? దానికి అడ్డం ఎవరు?

"పొలం అమ్మడం నాకిష్టం లేదు" అని తండ్రి కూర్చుని బాధపడితే అది సమాచారం. కొడుకు కాగితాలు, పెన్ను తెచ్చి ముందు పెట్టాడు, కొనేవాడు వీధిలో బండి దిగుతున్నాడు - అప్పుడది నాటకం. రెండో ప్రశ్నకు జవాబు దొరకని సీన్‌ను తీసేయండి, లేదా పక్క సీన్‌లో కలపండి. గంట లోపు నాటికలో ఈ ఢీ మొదటి 5 నిమిషాల్లోనే కనబడాలని నా గట్టి అభిప్రాయం.

కథ చెబుతున్నారు, కానీ అతికించినట్టుంది

"నువ్వు నా సొంత తమ్ముడివి, నాన్న పోయి మూడేళ్లయింది కదా!" ఇద్దరికీ తెలిసిన సంగతిని ప్రేక్షకుల కోసం చెప్పుకోవడం వల్ల వచ్చే జబ్బు ఇది. మందు కావాలంటే గురజాడ 'కన్యాశుల్కం' మొదటి రంగం చదవండి. విజయనగరంలోని బొంకులదిబ్బ దగ్గర గిరీశం ఒక్కడే ఉంటాడు. పూటకూళ్లమ్మకు సామాను కొనిపెడతానని తీసుకెళ్లిన 20 రూపాయలు ఖర్చుపెట్టేశానని, ఇక ఊళ్లో పరపతి తగ్గిందని తనలో తాను లెక్కలేసుకుంటాడు. అతని బుద్ధి, బాకీ, భయం అన్నీ మనకు తెలిసిపోతాయి. ఎందుకంటే అతను మనకు చెప్పడం లేదు, తప్పించుకునే దారి వెతుక్కుంటున్నాడు. స్వగతానికి ఆ అవసరం ఉండాలి. మీ పాత్రకు కూడా ముందు ఒక అవసరం ఇవ్వండి, వివరాలు దాని వెంట వస్తాయి.

పాత స్క్రిప్టులు వేసేవాళ్లకు ఒక మాట. 'స్వగతం' అంటే తనలో తాను. 'జనాంతికం' అంటే రంగం మీద మిగతావాళ్లకు వినబడనట్టు ఇద్దరు మాట్లాడుకోవడం. 'ప్రకాశం' అంటే అందరికీ వినబడేలా. మూడింటినీ ఒకే గొంతుతో చెబితే ఎవరు ఎవరితో అంటున్నారో జనానికి తెలియదు. చూపు, శరీరం తిప్పే దిశ మార్చండి.

అందరూ మైకు ముందు వరసగా నిలబడుతున్నారు

డైలాగు నేర్చుకున్నారు, రంగచలనం నేర్చుకోలేదు. నేల మీద సుద్దతో తలుపు, మంచం, కిటికీ గీసి మొదటి వారం నుంచే అందులో నడిపించండి. ప్రతి అడుగుకూ కారణం ఉండాలి: నీళ్లు తాగడానికి, ముఖం దాచుకోవడానికి, ఎదుటివాడి దారికి అడ్డం నిలబడటానికి. ఒకరి వెనక ఒకరు కనబడకుండా పోతే ముందున్నవాళ్లు ఒక అడుగు పక్కకు జరిగితే చాలు.

ఎదురుగా కూర్చున్న దర్శకుడు "కుడికి" అంటే నటుడు ఎడమకు పోతుంటాడు. రంగస్థలంలో కుడి ఎడమలు ప్రేక్షకుల వైపు తిరిగి నిలబడ్డ నటుడివి. ఇది మొదటి రోజే ఖాయం చేసుకోండి.

డైలాగు మర్చిపోతున్నారు

తన మాటలు మాత్రమే కంఠస్థం చేసినవాడికి ఈ టెన్షన్ తప్పదు. ఎదుటివాడి చివరి మాట, అంటే క్యూ, తన కదలికతో కలిపి నేర్చుకోవాలి. వింగ్‌లో, అంటే రంగం పక్కన తెర చాటున, డైలాగు అందించే ప్రాంప్టర్ ఉండనివ్వండి, కానీ చివరి వారం రిహార్సళ్లలో అతన్ని మాట్లాడనివ్వకండి.

పతాక సన్నివేశం తేలిపోతోంది

మనం ఇప్పుడు క్లైమాక్స్‌ను పతాక సన్నివేశం అంటున్నాం. సంస్కృత నాట్యశాస్త్ర పరిభాషలో 'పతాక' వేరు. ప్రధాన కథతో పాటు దూరం సాగే ఉపకథ అది. రామకథలో సుగ్రీవుడి కథలాగా. ఈ తేడా తెలియక విమర్శ రాసేటప్పుడు తికమక పడుతుంటాం.

క్లైమాక్స్ తేలిపోవడానికి మామూలు కారణం, పరిష్కారం బయటి నుంచి రావడం. అప్పటిదాకా లేని పోలీసో, ఉత్తరమో, గుండెపోటో వచ్చి ముడి విప్పేస్తుంది. ఆఖర్లో పనిచేసేదాని 'బీజం' మొదటి సీన్లోనే పడాలి. చివర ఉత్తరం చదవాలంటే మొదట్లో తల్లి దాన్ని దిండు కింద పెట్టడం జనం చూడాలి. తర్వాత మధ్యలో ఒక్కసారైనా ఎవరో ఆ దిండు కదపాలి.

సీన్‌కూ సీన్‌కూ మధ్య చీకటి ఎక్కువసేపు ఉంటోంది

సెట్ బరువెక్కింది. సురభి నాటక సమాజాలు రంగుల తెరలతో క్షణాల్లో స్థలం మార్చేస్తాయి. మీరు ఇంటి సెట్ మొత్తం మార్చే బదులు ఒక మంచం, ఒక లైటు మార్చండి. ఏ వస్తువు ఎవరు తీయాలో కాగితం మీద రాసి వింగ్‌లో అంటించి, నటులు లేకుండా మార్పులు మాత్రమే గడియారం పెట్టుకుని రెండుసార్లు రిహార్సల్ చేయండి.