కాసినో చిప్‌ను ద్రావకంతో తుడిచే ముందు పరీక్షించడం ఎలా?

లాస్ వేగాస్‌లో డ్యూన్స్ కాసినోను 1993లో, శాండ్స్‌ను 1996లో, స్టార్‌డస్ట్‌ను 2007లో కూల్చేశారు. వాటి జూదపు బల్లల మీద డబ్బుకు బదులు తిరిగిన చిప్‌లు ఇక ఎన్ని మిగిలితే అన్నే. అలాంటి చిప్ మీద ధర చీటీ జిగురు కనిపిస్తే తుడవాలని చేయి ఉబలాటపడుతుంది. ద్రావకం సరిపడకపోతే జిగురుతో పాటు రంగూ పోతుంది.

మొదట చిప్ దేనితో చేసిందో చూడండి. ‘క్లే’ చిప్‌లు ఉత్త మట్టివి కావు. రకరకాల పదార్థాలు కలిపి, అచ్చులో వేడితో నొక్కి చేసినవి. కొన్నిటికి నడుమ ముద్రించిన బిళ్ల ఉంటుంది, కొన్నిటి మీద పేరును రేకుతో అద్దుతారు. మిశ్రమం, బిళ్ల, రేకు అక్షరాలు ఒకే ద్రావకానికి ఒకేలా లొంగవు. అందుకే మూడింటినీ విడివిడిగా పరీక్షించాలి.

అదే రకానివి, అదే అచ్చువి, చవకైన చిప్‌లు రెండు సంపాదించండి. పాల్సన్ కంపెనీ చిప్ అయితే అంచున టోపీ, చేతికర్ర గుర్తు కలవాలి. అంచు విరిగినవైనా పరవాలేదు. ఒకదాన్ని అసలు ముట్టుకోకండి. పోల్చుకోవడానికి అదే ఆధారం. రెండోదాన్ని పగటి వెలుతురులో ఫోటో తీసి, 0.01 గ్రాము వరకు చూపే త్రాసులో తూచండి.

ఇక వరుస: పాత్రల సబ్బు కలిపిన నీరు, ఐసోప్రొపైల్ ఆల్కహాల్, లైటర్‌లో పోసే నాఫ్తా, చివరికి అసిటోన్. ప్రతిదానికీ కొత్త దూది పుల్ల, కొత్త చోటు. పుల్ల తడిగా ఉంటే చాలు, కారకూడదు. రుద్దకుండా పది సెకన్లు దొర్లించి, దూదిని చూడండి. బూడిద రంగైతే చాలావరకు మురికే. చిప్ అంచున అలంకారంగా ఉండే రంగు మచ్చ ఎరుపు దూదికి ఎక్కితే అక్కడితో ఆపేయండి.

అసిటోన్ విషయంలో నా మాట గట్టిగానే చెబుతాను: ప్లాస్టిక్ చిప్‌కు దాన్ని దగ్గరకు రానివ్వకండి. చాలా ప్లాస్టిక్‌లు మెత్తబడి వేలికి అంటుకుంటాయి, ఆరాక ఆ చోట మెరుపు చచ్చిపోతుంది. గోళ్ల రంగు తుడిచే ద్రవాల్లో చాలావాటిలో ఉండేది ఇదే. ఇవన్నీ, సబ్బు నీరు తప్ప, ఇట్టే అంటుకునేవి. కిటికీలు తెరవండి, పొయ్యి, దీపం ఆర్పండి, చేతి తొడుగులు వేసుకోండి.

వెంటనే తీర్పు చెప్పకండి. ఒక రోజు ఆరనిచ్చి, టార్చి వెలుగు ఏటవాలుగా వేసి రెండు చిప్‌లనూ పక్కపక్కన చూడండి. తెల్లబడిందా? బిళ్ల అంచు లేచిందా? బరువు పెరిగితే ద్రావకం ఇంకా లోపలే ఉన్నట్టు. మర్నాడు మళ్లీ తూచండి.

అన్నిటికంటే మెత్తని ద్రావకం పనిచేస్తే అసలు చిప్‌కు అదే వాడండి, అదీ జిగురున్నంత మేరకే.