పాత క్లాస్‌మేట్స్‌ని వెతకాలా? అడ్రస్ అడక్కండి, కబురు చేర్చమనండి

స్కూలు ఆఫీసుకు ఫోన్ చేసి పాత విద్యార్థి నంబరు అడిగితే సాధారణంగా ఇవ్వరు. విద్యార్థుల రికార్డులను కాపాడే 1974 నాటి ఫెర్పా అమెరికాలో, అందరి వ్యక్తిగత వివరాలను కాపాడే, 2018 మే నుంచి అమలవుతున్న జీడీపీఆర్ యూరప్‌లో, ఇలాంటి చట్టాలున్నాయి. లేనిచోట కూడా గుమాస్తా ఆ తలనొప్పి నెత్తిన పెట్టుకోడు. అదే మనిషిని "ఈ కవరు వాళ్లకు పంపగలరా?" అని అడిగి చూడండి, ఒప్పుకునే అవకాశం చాలా ఎక్కువ. స్టాంపులు అంటించి, పేరు, పాసైన సంవత్సరం, సెక్షన్ విడిగా ఒక చీటీ మీద రాసివ్వండి. లోపల మీ నంబరు పెట్టండి. అడ్రస్ మీ కంటపడదు, ఉత్తరం మాత్రం వెళ్తుంది. పూర్వ విద్యార్థుల సంఘం దగ్గరా ఇదే పద్ధతి.

ఆన్‌లైన్‌లో వెతికే ముందు ఒక షీట్ తయారు చేసుకోండి: రిజిస్టర్‌లో ఉన్న పేరు, దాన్ని రాయగల రకరకాల స్పెల్లింగులు, ముద్దుపేరు, చివరగా తెలిసిన ఊరు, తోబుట్టువుల పేర్లు. ఎక్కువ పని చేసేది ఆ చివరి గడే. పెళ్లయ్యాక ఇంటిపేరు మారిన అమ్మాయి దొరక్కపోయినా, పాత ఇంటిపేరుతోనే ఉన్న తమ్ముడు దొరుకుతాడు.

ఫోన్ నంబరు కొట్టి మనిషిని పట్టే సౌకర్యాన్ని ఫేస్‌బుక్ 2018 ఏప్రిల్‌లో తీసేసింది. పేరు, స్కూలు కలిపి వెతకాల్సిందే. పరిచయం లేనివాళ్ల మెసేజ్ 'రిక్వెస్టు'ల్లో పడి నెలల తరబడి అలాగే ఉండొచ్చు. జవాబు రాలేదంటే ఇష్టం లేదనుకోకండి, ఇద్దరికీ తెలిసిన మనిషితో ఒక మాట చెప్పించండి. లింక్డ్‌ఇన్‌లో కాలేజీ పేజీ తెరిచి, పూర్వ విద్యార్థుల విభాగంలో సంవత్సరాలు పెట్టి వడకట్టొచ్చు. స్కూలు వివరాలు రాసుకునేవాళ్లు తక్కువ కాబట్టి అక్కడ పెద్దగా ఆశ పెట్టుకోవద్దు. డబ్బు తీసుకుని మనుషుల్ని వెతికిపెట్టే సైట్లు ఒకే పేరున్న ఇద్దరిని కలిపేసి, ఎప్పుడో ఖాళీ చేసిన ఇంటి అడ్రస్ ఇస్తుంటాయి. వాటి జోలికి పోకపోవడమే మేలు.

పేరు కాక మరో రెండు ఆనవాళ్లు కలిసేదాకా మనిషి దొరికినట్టు కాదు. అందుకే మొదటి మెసేజ్‌లో "ఒరేయ్" వద్దు: "నమస్తే. నేను ఫలానా, 2001 బ్యాచ్, బి సెక్షన్. మీరు అక్కడే చదివారా? కాకపోతే క్షమించండి." ఎదుటివాళ్ల వివరాలు మీరే ఏకరువు పెట్టకండి, భయపడతారు.

అవునన్నా సరే, వాట్సాప్ గ్రూపులో నేరుగా చేర్చకండి, నంబరు అందరికీ కనిపిస్తుంది. లింకు పంపండి. మూడు వారాల తర్వాత ఒక్కసారి గుర్తు చేయండి. అప్పటికీ ఉలుకూ పలుకూ లేకపోతే షీట్‌లో ఆ పేరు పక్కన "ఇక అడగొద్దు" అని రాయండి, లేదంటే రేపు ఇంకొకరు మళ్లీ మొదలుపెడతారు.