కీటో మొదలుపెట్టే ముందు మీ టాబ్లెట్ల డబ్బా ఒకసారి చూడండి
కీటో అంటే అన్నం లాంటి పిండిపదార్థాలు బాగా తగ్గించి కొవ్వు ఎక్కువ తినే డైట్. ఆ పేరు వినగానే అందరూ పనీర్, గుడ్లు, కొబ్బరి నూనె కొనడానికి పరిగెడతారు గానీ ముందు చూడాల్సింది టాబ్లెట్ల డబ్బా. షుగర్‌కి ఇన్సులిన్ గానీ గ్లిమెపిరైడ్ గానీ వాడుతూ సడన్‌గా అన్నం మానేస్తే షుగర్ బాగా పడిపోయి కళ్ళు తిరిగి పడిపోవచ్చు, డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ అనే షుగర్ టాబ్లెట్లు వాడేవాళ్ళకైతే ఇంకా డేంజర్, షుగర్ రీడింగ్ మామూలుగానే ఉన్నా లోపల కీటోఅసిడోసిస్ (రక్తంలో కీటోన్లనే ఆమ్లాలు పేరుకుపోయి ప్రాణం మీదకి రావడం) వచ్చే రిస్క్ ఉంది. అందుకే డాక్టర్‌ని అడిగాకే మొదలెట్టండి, బీపీ టాబ్లెట్ డోసు కూడా మార్చాల్సి రావచ్చు. ప్రెగ్నెంట్ అయినా, కిడ్నీ ప్రాబ్లం ఉన్నా సొంతంగా అస్సలు వద్దు.

ఇక లెక్క సంగతి, రోజుకి పిండిపదార్థాలు 20 నుంచి 50 గ్రాముల లోపే ఉండాలి, ఒక్క కప్పు అన్నంలోనే దాదాపు 45 ఉంటాయి! ఇడ్లీ, పెసరట్టు, పప్పు కూడా లెక్కలోకే వస్తాయండోయ్. మొదటి వారం తగ్గేది ఎక్కువగా ఒంట్లో నీరే, కొవ్వు కరిగిపోయిందని పండగ చేసుకోకండి. ఆ రోజుల్లో తలనొప్పి, నీరసం వస్తే చాలాసార్లు ఉప్పు, నీళ్ళు తగ్గడం వల్లే, బీపీ లేనివాళ్ళు ఉప్పేసిన నిమ్మరసం, పంచదార లేకుండా, తాగితే కాస్త తేరుకుంటారు.