పార్కులో, బీచ్‌లో పాత నాణేలు వెతకాలంటే: మెటల్ డిటెక్టర్ కొత్తగా పట్టినవాళ్లకి

మెటల్ డిటెక్టర్ కొత్తగా చేతికొచ్చినవాళ్లలో ఎక్కువమంది మొదటి రోజు చేసేది ఒకటే. పార్కు ఈ చివర మొదలుపెట్టి ఆ చివర దాకా గబగబా ఊపుకుంటూ నడిచేసి, నాలుగు సీసా మూతలు, ఒక రేకు ముక్క తవ్వి, ఇక్కడ ఎవరో ముందే అంతా ఊడ్చేశారని తేల్చేసి వెళ్లిపోతారు. మర్నాడు ఇంకొకాయన వచ్చి అదే పార్కులో ఒక పెద్ద చెట్టు చుట్టూ మాత్రమే అంగుళం అంగుళం వెతుక్కుని పాత నాణేలు జేబులో వేసుకుని పోతాడు. ఇద్దరి మిషనూ ఒకటే కావచ్చు. కాయిల్, అంటే మిషన్ అడుగున ఉండే గుండ్రటి పళ్లెం, ఎంత నేలని సరిగ్గా చూసిందన్న దాన్ని బట్టే దొరుకుతాయి, మీరు ఎన్ని కిలోమీటర్లు తిరిగారో నాణేలకి అక్కర్లేదు.

మిషన్ సంగతికి ముందు అనుమతి. బోరింగ్ పనే, కానీ ఇది తేల్చుకోకుండా పార పట్టుకుని దిగితే నాణెం కన్నా ముందు కేసు తగులుకుంటుంది. దేశానికో రూలు ఉంది. ఇంగ్లండ్, వేల్స్‌లో భూమి ఎవరిదో వాళ్లు ఒప్పుకుంటే వెతకొచ్చు, కానీ 1996 నాటి ట్రెజర్ చట్టం కిందికొచ్చే వస్తువు దొరికితే 14 రోజుల్లో కరోనర్ అనే అధికారికి చెప్పాలి. ఐర్లండ్‌లో పాతకాలపు వస్తువుల కోసం డిటెక్టర్‌తో వెతకాలంటేనే ముందు అనుమతి కావాలి. అమెరికాలో నేషనల్ పార్కుల్లో డిటెక్టర్ వాడటం నిషేధం, ఫెడరల్ భూముల్లో వందేళ్లు దాటిన పురావస్తువులకి 1979 నుంచి చట్టం కాపలా ఉంది, సిటీ పార్కుల సంగతైతే ఏ ఊరి రూలు ఆ ఊరిదే. భారతదేశంలో 1878 నాటి నిధుల చట్టం ఇంకా నడుస్తోంది, భూమిలో దాగి ఉండి దొరికిన దాని విలువ పది రూపాయలు దాటితే కలెక్టర్‌కి తెలియజేయాలి. రక్షిత కట్టడాల దరిదాపులకి ఎక్కడా వెళ్లొద్దు. పార్కు ఎవరి చేతిలో ఉందో ఆ ఆఫీసుకి వెళ్లి అడగండి, ఇచ్చిన అనుమతి కాగితం మీద ఉంటే కాపలా మనిషి ఆపినప్పుడు టెన్షన్ ఉండదు.

ఇక మిషన్. కాయిల్‌లో రెండు తీగచుట్టలు ఉంటాయి. ఒకటి నేలలోకి మారుతూ ఉండే అయస్కాంత క్షేత్రాన్ని పంపుతుంది, దాని వల్ల కింద ఉన్న లోహంలో చిన్న చిన్న కరెంట్లు సుళ్లు తిరుగుతాయి, ఆ కరెంట్ల క్షేత్రం పైకి తిరిగొచ్చి రెండో చుట్టకి తగులుతుంది. ఆ రావడంలో ఎంత ఆలస్యం అయిందో కొలిచి మిషన్ ఒక నంబర్ చూపిస్తుంది. ఇనుముకి నంబర్ అడుగున ఉంటుంది, రాగి, వెండి నాణేలకి బాగా పైన ఉంటుంది. మధ్యలోనే ఉంది చిక్కంతా. అల్యూమినియం రేకు, కూల్‌డ్రింక్ క్యాన్ రింగు, నికెల్ నాణెం, సన్నటి బంగారు ఉంగరం, అన్నీ దాదాపు ఒకే చోట పడతాయి. క్యాన్ రింగులు విసుగు తెప్పిస్తున్నాయని డిస్క్రిమినేషన్‌లో, అంటే వద్దనుకున్న లోహాలకి మిషన్ పలకకుండా చేసే సెట్టింగులో, వాటిని కొట్టేశారంటే వాటితో పాటు ఉంగరాలు, కొన్ని నాణేలు కూడా మూగబోతాయి. అందుకే కొత్తలో ఇనుము ఒక్కటే ఆపి మిగతా అన్నిటికీ తవ్వమంటాను. కొన్నాళ్లు చెత్త తవ్వితే చెవికి తేడా అదే పట్టుబడుతుంది.

పార్కుకైతే వీఎల్ఎఫ్ (వెరీ లో ఫ్రీక్వెన్సీ, అంటే బాగా తక్కువ ఫ్రీక్వెన్సీ మీద నడిచే) రకం మామూలు మిషన్ చాలు. 5 నుంచి 8 కిలోహెర్ట్జ్ మధ్య నడిచేవి పెద్ద వెండి, రాగి నాణేలకి బాగుంటాయి, 15 దాటినవి చిన్న, సన్నటి వాటిని బాగా పట్టుకుంటాయి. పొడి ఇసుకలోనూ ఇబ్బంది లేదు. తడి ఇసుకలోకి, ఉప్పునీళ్లలోకి దిగితే కథ మారిపోతుంది, ఎందుకంటే ఉప్పునీరు కూడా కరెంటుని పోనిస్తుంది కాబట్టి ఒకే ఫ్రీక్వెన్సీ మీద నడిచే మిషన్ దాన్నే లోహం అనుకుని ఊరికే కూస్తుంది. అక్కడికి ఒకేసారి చాలా ఫ్రీక్వెన్సీలు పంపే మల్టీ ఫ్రీక్వెన్సీ మిషన్ కావాలి, లేదా క్షేత్రాన్ని ఆపి ఆపి దెబ్బల్లా నేలలోకి పంపే పల్స్ ఇండక్షన్ రకం. పల్స్ ఇండక్షన్ ఉప్పుని లెక్క చేయదు, లోతుకీ వెళ్తుంది, కానీ ఇనుముకీ వెండికీ తేడా చెప్పడంలో చాలా వీక్, మేకులున్న పార్కులో దాంతో వెతకడం శుద్ధ దండగ. కాయిల్ పెద్దదైతే లోతు ఎక్కువ. చెత్త ఎక్కువున్న చోట మాత్రం 6 అంగుళాల చిన్న కాయిలే నయం, మేకు పక్కన పడున్న నాణేన్ని విడిగా చూడగలదు.

బయటికి వెళ్లే ముందు ఇంట్లో ఒక పూట కూర్చోండి. లోహం లేని చెక్క బల్ల మీద ఒక నాణెం, ఒక సీసా మూత, ఒక మేకు, ఒక క్యాన్ రింగు విడివిడిగా పెట్టి కాయిల్‌ని పైన ఆడించి వినండి. తర్వాత నాణెం పక్కనే మేకు పెట్టి వినండి, మంచి సౌండ్ ఎలా విరిగిపోతుందో తెలుస్తుంది. నేలలో చాలా నాణేలు అలాంటి విరిగిన సౌండుతోనే పలుకుతాయి. స్క్రీన్ మీది నంబర్ కన్నా చెవినే నమ్మండి, హెడ్‌ఫోన్స్ తప్పనిసరి. లోతున్న నాణెం చాలా సన్నగా పలుకుతుంది, గాలిలో, జనం మాటల్లో అది స్పీకర్ నుంచి వినపడదు.

నేల మీద మొదట గ్రౌండ్ బ్యాలెన్స్ చేయాలి. లోహం లేని చోట నిలబడి కాయిల్‌ని నేల మీదికి దించుతూ లేపుతూ ఉంటే మట్టిలోని ఖనిజాల గోల సర్దుకుంటుంది, చాలా మిషన్లలో దీనికి ఒక బటన్ ఉంటుంది. సెన్సిటివిటీని ఫుల్‌గా పెట్టేసుకోవాలని అందరికీ ఆత్రం. మిషన్ ఆగకుండా గిలగిల్లాడుతుంటే ఒకటి రెండు మెట్లు దించండి, నిశ్శబ్దంగా ఉన్న మిషన్‌లోనే సన్న సౌండు వినిపిస్తుంది.

ఊపడం విషయానికొస్తే, చీపురు నేలని వదలకుండా ఊడ్చినట్టు కాయిల్ కూడా రెండు చివర్లా నేలకి దగ్గరగానే ఉండాలి. చాలామంది చివర్లో తెలియకుండానే పైకి లేపేస్తారు, అక్కడ ఉన్న నాణెం అక్కడే మిగిలిపోతుంది. ప్రతి ఊపూ ముందు ఊపు మీద సగం పడాలి. సిగ్నల్ వచ్చిందా, ఆగి అదే చోట అటూ ఇటూ చిన్నగా ఊపండి. రెండు వైపుల నుంచీ ఒకేలా పలికితే ఆశ ఉంది. ఇప్పుడు పక్కకి తిరిగి అడ్డంగా ఊపండి. నాణెమైతే చాలాసార్లు అప్పుడు కూడా అదే నంబర్, అదే పొట్టి సౌండు ఇస్తుంది, మేకైతే ఒక వైపు నుంచి బాగా పలికి రెండో వైపు నుంచి బురబురలాడుతుంది. కాయిల్‌ని ఒక అడుగు పైకి లేపినా ఇంకా గట్టిగా మోగుతోందంటే అది నాణెం కాదు, నలిగిన క్యాన్.

ఎక్కడ వెతకాలి? జనం కూర్చునే చోట, వంగే చోట, జేబులోంచి చెయ్యి తీసే చోట. పాత చెట్ల నీడ, బెంచీల చుట్టూ, మెట్ల పక్కన, పిల్లలు దొర్లే గడ్డి వాలు, ఇప్పుడు లేకపోయినా ఒకప్పుడు బ్యాండ్ వాయించిన అరుగు ఉన్న స్థలం. ఊరి పాత మ్యాపులు, పాత ఫోటోలు ఒక సాయంత్రం ముందేసుకుంటే, ఇప్పుడు పచ్చిక తప్ప ఏమీ కనపడని చోట ఒకప్పుడు దారి నడిచిందని తెలుస్తుంది, అలాంటి చోట వెతకడం కొత్త ఆటస్థలంలో వెతకడం కన్నా ఎన్నో రెట్లు నయం. వానపడిన మర్నాడు వెళ్లండి, తడి మట్టిలో సిగ్నల్ కొంచెం బాగుంటుంది, తవ్వడమూ తేలిక. ఇంకోటి, లోతుగా ఉంది కాబట్టి పాతదే అనుకోకండి, వానపాములు మట్టిని పైకి తోస్తుంటే, ఆకులు పడి కుళ్లుతుంటే నాణెం కిందికి దిగుతుంది, గట్టి నేలలో వందేళ్ల నాణెం కూడా వేలెడు లోతులోనే ఉండొచ్చు.

తవ్వడం మీద కాస్త ఎక్కువ చెప్పాలి, చాలా పార్కుల్లో డిటెక్టర్లని నిషేధించడానికి తవ్వి వదిలేసిన గుంతలే కారణం. పిన్‌పాయింట్ మోడ్‌లో కాయిల్‌ని నిలువుగా, అడ్డంగా జరిపి సౌండు ఎక్కడ గట్టిగా ఉందో గుర్తు పెట్టుకోండి. అక్కడ పచ్చికని మూడు వైపులే కోయాలి, నాలుగో వైపు గడ్డి తన వేర్లతో నేలని పట్టుకునే ఉండాలి. కోత జానెడు వెడల్పు, నాలుగైదు అంగుళాల లోతు ఉంటే పచ్చిక వేర్లు తెగవు. మూతలా వెనక్కి మడవండి. చేతిలో పట్టుకునే చిన్న పిన్‌పాయింటర్‌ని మొదట ఆ మూత అడుగున తిప్పండి, చాలాసార్లు నాణెం ఆ మట్టిలోనే అతుక్కుని ఉంటుంది, అది చూడకుండా కింద గుంతని అనవసరంగా పెద్దది చేసుకుంటాం. తీసిన మట్టంతా పక్కన పరిచిన గుడ్డ మీదే పడాలి. అయ్యాక గుడ్డలోది మొత్తం గుంతలో పోసి, మూత వేసి, కాలితో గట్టిగా అదిమి, కాసిన్ని నీళ్లు పోయండి. మూసే ముందు ఇంకోసారి డిటెక్టర్ ఆడించడం మర్చిపోవద్దు, ఒక నాణెం కింద ఇంకోటి ఉండటం కొత్తేం కాదు. ఎండలకి గడ్డి ఎండిపోయి ఉన్న రోజుల్లో పచ్చిక కోయకండి, ఎంత జాగ్రత్తగా మూసినా ఆ ముక్క చచ్చిపోయి పసుపు మచ్చ అవుతుంది. తవ్విన మేకులు, మూతలు మళ్లీ గుంతలో వేయకుండా సంచిలో వేసుకుపోండి, లేకపోతే వచ్చే నెల వాటినే తవ్వుతారు.

బీచ్‌లో గడ్డి గొడవ లేదు, తవ్వడానికి చిల్లుల గరిటె లాంటి ఇసుక స్కూప్ చాలు. పొడి ఇసుకలో నిన్నా మొన్నా పడినవే ఎక్కువ, జనం తువ్వాళ్లు పరుచుకునే వరుస వెంట వెతకండి. పాత నాణేలు కావాలంటే తడి ఇసుకే. సముద్రం పూర్తిగా వెనక్కి వెళ్లే టైముకి రెండు గంటల ముందు దిగి, నీళ్లు తగ్గేకొద్దీ వెంటే కిందికి నడుస్తూ, మళ్లీ పోటు మొదలయ్యేదాకా వెతకొచ్చు. అమావాస్య, పౌర్ణమి రోజులకి అటూ ఇటూ ఆటుపోట్ల తేడా ఎక్కువ కాబట్టి మామూలు రోజుల్లో మునిగి ఉండే ఇసుక కూడా బయటపడుతుంది. అన్నిటికన్నా మంచిది తుఫాను తర్వాతి ఆటు. అలలు పై ఇసుకని కోసుకుపోయి బీచ్ మీద మెట్టులా నిలువు గట్టు మిగులుతుంది, ఆ గట్టు అడుగున నేల చూడండి. గులకరాళ్లు, బరువైన గవ్వలు, నల్ల ఇసుక ఒక చారలా పేరుకుని ఉంటే అక్కడే ఆగిపోండి, బరువైన వాటిని అలలు ఒక్క చోటికే చేరుస్తాయి, రాళ్లు నిలిచిన చోట నాణేలూ నిలుస్తాయి. మెత్తగా, కాలు దిగిపోయేలా కొత్త ఇసుక మేట వేసిన చోట టైం వేస్ట్, నాణెం ఉన్నా కాయిల్‌కి అందనంత లోతులో ఉంటుంది. నల్ల ఇసుకలో ఇనుప ఖనిజం ఎక్కువ కాబట్టి మిషన్ గోల చేస్తుంది, సెన్సిటివిటీ దించి మళ్లీ గ్రౌండ్ బ్యాలెన్స్ చేసుకోండి. నీళ్లకి పూర్తిగా వీపు పెట్టొద్దు.

కాయిల్ నీళ్లలో మునగొచ్చని రాసి ఉంటే పైన ఉన్న బాక్స్ కూడా మునగొచ్చని కాదు, మాన్యువల్ చూసుకోండి. ఇంటికి రాగానే కాయిల్, రాడ్, స్కూప్ మంచినీళ్లతో కడగాలి.

యుద్ధాలు జరిగిన తీరాల్లో గుండ్లు, బాంబులు ఇప్పటికీ బయటపడుతున్నాయి. తుప్పు పట్టిన పెద్ద గొట్టం లాంటిది కనపడితే ముట్టుకోవద్దు, కదపొద్దు, చోటు గుర్తు పెట్టుకుని దూరం జరిగి పోలీసులకి ఫోన్ చేయండి. పార్కులో అయితే కరెంటు కేబుళ్లు, నీళ్ల పైపులు ఉంటాయి, పొడుగ్గా ఒకే గీతలో మోగుతున్న సిగ్నల్‌ని తవ్వకండి.

ఒకే గుంతలోంచి వరసగా పాత నాణేలు వస్తుంటే? ఆపేయండి. 1992లో ఇంగ్లండ్‌లోని హాక్సన్ అనే పల్లెలో, పొలంలో పోయిన సుత్తి కోసం డిటెక్టర్ పట్టుకెళ్లిన ఒకాయనకి రోమన్ నాణేలు తగిలాయి. కొన్ని తీశాక ఆయన తవ్వడం మానేసి అధికారులకి కబురు పెట్టాడు. పురావస్తు నిపుణులు వచ్చి జాగ్రత్తగా తవ్వితే 14 వేలకి పైగా నాణేలు, నగలు, చెంచాలు, అవి పెట్టిన చెక్క పెట్టె ఆనవాళ్లతో సహా బయటపడ్డాయి. ఆయన ఆత్రపడి అన్నీ లాగేసి ఉంటే ఆ పెట్టెలో ఏది ఎక్కడ సర్ది ఉందో ఎవరికీ తెలిసేది కాదు. సుత్తి కూడా దొరికింది, అదిప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉంది.

చివరగా కడగడం, నాణేలు ఎక్కువగా పాడయ్యేది ఇక్కడే. గుంతలోంచి తీసిన నాణేన్ని వేలితో రుద్ది సంవత్సరం చదవాలని చెయ్యి లాగుతుంది, ఆ ఒక్క రుద్దుతో అంటుకున్న ఇసుక రేణువులు రాజు ముఖం మీద గీతలు పెట్టేస్తాయి. చిన్న డబ్బాలో తడి గుడ్డ మీద పెట్టి ఇంటికి తీసుకెళ్లండి. డిస్టిల్డ్ వాటర్‌లో నానబెట్టి, నీళ్లు మారుస్తూ, మట్టి దానంతటదే వదిలేదాకా ఓపిక పట్టి, మెత్తటి గుడ్డతో అద్దండి, తుడవొద్దు. నిమ్మరసం, వెనిగర్, టూత్‌పేస్ట్, బ్రాసో, ఏవీ వద్దు. రాగి నాణెం మీది గట్టి ముదురు రంగు పొర దానికి రక్ష, మెరిపిస్తే సేకరించేవాళ్ల దగ్గర విలువ సగానికి సగం పడిపోవచ్చు. లేత ఆకుపచ్చ రంగులో పొడిపొడిగా రాలే చిలుము మాత్రం వేరు, అది లోపలున్న ఉప్పు చేసే పని, లోహాన్ని తినేస్తూ పోతుంది, బీచ్ నాణేల్లో ఎక్కువ. అలాంటిది కనపడితే మిగతావాటి నుంచి విడదీసి పూర్తిగా పొడిగా ఉంచండి, ఖరీదైనదైతే నిపుణులకి చూపించండి. దాచడానికి మెత్తటి పీవీసీ ప్లాస్టిక్ కవర్లు పనికిరావు, కొన్నాళ్లకి వాటిలోంచి వచ్చే జిగురు నాణేలకి పట్టేస్తుంది. కాగితం కవర్లు తెచ్చుకుని ఒక్కోదాని మీద ఎక్కడ, ఎంత లోతులో, ఏ తేదీన దొరికిందో పెన్సిల్‌తో రాసుకోండి. పది కవర్లు అయ్యాక మ్యాపు మీద చుక్కలు పెట్టి చూస్తే, మళ్లీ ఏ మూలకి వెళ్లాలో మీకే కనపడుతుంది.