గేమింగ్ లాప్‌టాప్ వేడి: మూత విప్పే ముందు లక్షణం చూడండి

గేమ్ మొదలై రెండు నిమిషాలు కాలేదు, ఫ్యాన్లు మిక్సీలా అరుస్తున్నాయి. ఫ్రేములు 90 నుంచి 40కి పడి మళ్లీ లేస్తున్నాయి. కీబోర్డు పై వరస మీద వేలు ఆనించలేకపోతున్నారు. ఈ దశలో చాలామంది ఎవరో చెప్పారని, చిప్‌కీ దాని మీది రాగి పలకకీ మధ్య రాసే థర్మల్ పేస్ట్ ఖరీదైన ట్యూబ్ ఒకటి ఆర్డర్ పెడతారు. నేనూ పెట్టాను. ట్యూబ్ మంచిదే, కానీ నా లాప్‌టాప్ రోగం పేస్ట్‌లో లేదు.

చిప్‌లో పుట్టిన వేడి బయటి గాలిలో కలవాలంటే కొన్ని మజిలీలు దాటాలి. చిప్ నుంచి పేస్ట్‌కి, పేస్ట్ నుంచి రాగి పలకకి, అక్కడి నుంచి హీట్ పైపుల్లోకి, పైపుల చివరనున్న సన్నటి రేకులకి, చివరికి ఆ రేకుల మధ్యగా ఫ్యాన్ తోసే గాలికి. వీటిలో వేడి ఎక్కడ ఆగిపోతోందో తెలిస్తే మిగతావాటి జోలికి పోనక్కర్లేదు. అది చాలావరకు మూత తీయకుండానే తెలుస్తుంది.

ముందు కొలవండి

95 డిగ్రీల అంకె చూసి టెన్షన్ పడొద్దు. ఇంటెల్ కోర్ ఐ7-9750హెచ్ లాంటి లాప్‌టాప్ చిప్‌లకు గరిష్ఠ పరిమితి 100 డిగ్రీలు. ఏఎండీ రైజెన్ 7 5800హెచ్‌కి 105. పరిమితి తగలగానే చిప్ తన వేగం తానే తగ్గించుకుంటుంది. అంటే కాలిపోదు, మీరు డబ్బు పోసి కొన్న వేగం మాత్రం దక్కదు.

లోపలి అంకెలు చూపించే హెచ్‌డబ్ల్యూఇన్ఫో ప్రోగ్రాం తెరిచి మూడు అంకెలు చూడండి: ఒక్కో కోర్ ఉష్ణోగ్రత, ప్యాకేజ్ పవర్ (మొత్తం చిప్ తాగే కరెంటు) ఎన్ని వాట్లు, క్లాక్ (చిప్ నడిచే వేగం) ఎంత. చిప్‌కి పూర్తి పని పెట్టే సినీబెంచ్ పరీక్ష పది నిమిషాలు తిప్పి అంకెలు ఎలా ఎక్కుతున్నాయో రాసుకోండి. గది ఉష్ణోగ్రత కూడా రాయాలి. మే నెలలో బెజవాడలో ఏసీ లేని గది 38 ఉంటే, జనవరిలో 24 ఉన్న అదే గది కంటే చిప్ దాదాపు ఆ 14 డిగ్రీలూ ఎక్కువే చూపిస్తుంది. ఎండాకాలంలో కొలిచి, వానాకాలంలో పేస్ట్ మార్చి, "పది డిగ్రీలు తగ్గింది" అని సంబరపడేవాళ్లను చాలామందిని చూశాను.

లక్షణం: లోడ్ పడిన సెకన్లోనే 95కి ఎగరడం, ఆపగానే అంతే వేగంగా 60కి దిగడం

కారణం: చిప్‌కీ రాగి పలకకీ మధ్య అతుకు సరిగా లేదు. హీట్ పైపులు, రేకులు వేడెక్కడానికి కొంత సమయం పట్టాలి. అవి వేడెక్కకముందే చిప్ ఒక్కటే కుతకుతలాడుతోందంటే వేడి చిప్ గుమ్మం దాటట్లేదు.

డెస్క్‌టాప్ ప్రాసెసర్ మీద లోహపు టోపీ ఉంటుంది. లాప్‌టాప్ చిప్‌కి అది ఉండదు, గోరంత సిలికాన్ ముక్క నేరుగా రాగిని తాకుతుంది. వేడెక్కినప్పుడు వ్యాకోచించి, చల్లారినప్పుడు ముడుచుకుంటూ ఆ రెండూ కలిసి పేస్ట్‌ని కొద్దికొద్దిగా అంచుల్లోకి తోసేస్తాయి. మంచి పేస్ట్ వేసినా కొన్ని నెలలకే మళ్లీ మొదటికి రావడానికి కారణం ఇదే. మధ్యలో మిగిలేది గాలి. రాగితో పోలిస్తే గాలి వేడిని మోసే శక్తి దాదాపు పదిహేను వేల వంతుల్లో ఒక వంతు.

పరిష్కారం: పేస్ట్ మార్చడం. ఇంకా మేలు, పేస్ట్ బదులు ఫేజ్ చేంజ్ షీట్ వేయడం. హనీవెల్ పీటీఎం7950 ఇందులో బాగా పేరున్నది. మామూలప్పుడు గట్టి పొరలా ఉండి, సుమారు 45 డిగ్రీల దగ్గర మెత్తబడి సందులన్నీ నింపుతుంది. పేస్ట్‌లా అంచుల్లోకి జారిపోదు కాబట్టి ఏళ్ల తరబడి ఉంటుంది. కొత్తవాళ్లకు నేను చెప్పేది ఇదే. నకిలీలు తిరుగుతున్నాయి, నమ్మకమైన అమ్మకందారు దగ్గరే కొనండి. షీట్‌ని అరగంట ఫ్రిజ్‌లో ఉంచితే పైనా కిందా ఉన్న ప్లాస్టిక్ పొరలు చక్కగా ఊడతాయి. లేకపోతే షీటే చిరుగుతుంది. చిప్ కంటే ఒక వెంట్రుకవాసి పెద్దగా కత్తిరించండి. వేసిన మొదటి రోజు అంకెలు చూసి నిరాశ పడకండి, నాలుగైదుసార్లు బాగా వేడెక్కి చల్లారాకే అది కుదురుకుంటుంది.

పేస్టే వేస్తానంటే, డెస్క్‌టాప్‌లో చెప్పే "బియ్యపు గింజంత" లెక్క ఇక్కడ పనికిరాదు. చిప్ నాలుగు మూలలూ కప్పేలా పలుచగా పరచాలి. మూల ఖాళీగా వదిలితే దాని కింద ఉన్న కోర్ మాడుతుంది.

ఇక లిక్విడ్ మెటల్. గాలియం ఆధారిత మిశ్రమం, మామూలు పేస్ట్ కంటే ఎన్నో రెట్లు బాగా వేడిని మోస్తుంది. అయితే కరెంటును కూడా మోస్తుంది. చుక్క జారి పక్కనున్న చిన్న కెపాసిటర్ల మీద పడిందా, మదర్‌బోర్డు పోయినట్టే. పలక అల్యూమినియందైతే గాలియం దాన్ని తిని పొడి చేస్తుంది. ఒట్టి రాగి అయితే కొన్ని నెలల్లో కొంత పీల్చుకుని ఎండిపోతుంది, మళ్లీ వేయాలి. నికెల్ పూత ఉన్న రాగి దీనికి సురక్షితం. కొన్ని కంపెనీలు ఫ్యాక్టరీలోనే దీన్ని వేసి అమ్ముతున్నాయి, కానీ వాళ్లు చిప్ చుట్టూ కట్ట కట్టి, కొలిచి వేస్తారు. రోజూ బ్యాగులో నిలబెట్టి బైక్ మీద తిప్పే లాప్‌టాప్‌లో ఇంట్లో వేసుకోవడం నా ఉద్దేశంలో తగని పని. గోటితో పోయేదానికి గొడ్డలెందుకు?

విప్పేటప్పుడు

టచ్‌ప్యాడ్ ఉబ్బినట్టు, కింది కవర్ అంచుల్లో విచ్చుకున్నట్టు ఉంటే ఆగిపోండి. అది బ్యాటరీ వాపు. దాన్ని పొడవకుండా, వంచకుండా సర్వీసువాళ్లకే ఇవ్వండి. వారంటీ ఉంటే స్క్రూల మీద సీలు స్టిక్కర్లున్నాయేమో చూసి నిర్ణయించుకోండి.

విండోస్‌లో మామూలు షట్‌డౌన్ పూర్తి షట్‌డౌన్ కాకపోవచ్చు, షిఫ్ట్ నొక్కి పట్టుకుని షట్‌డౌన్ చేయండి. చార్జర్ తీయండి. కవర్ ఊడగానే చేయాల్సిన మొదటి పని బ్యాటరీ కనెక్టర్ పీకడం, వైర్లు పట్టి లాగకుండా. తర్వాత పవర్ బటన్ పది సెకన్లు నొక్కి ఉంచండి. స్క్రూలన్నీ ఒకే పొడవు ఉండవు. తెల్లకాగితం మీద లాప్‌టాప్ బొమ్మ గీసి, తీసిన స్క్రూని తీసినచోటే గుచ్చుకుంటూ పోండి. పొడవు స్క్రూ పొట్టిదాని చోట బిగిస్తే కీబోర్డు వైపు బొడిపె లేస్తుంది. నా లాప్‌టాప్‌కి ఇప్పటికీ ఒకటుంది.

రాగి పలక, పైపులు, రేకులు కలిసిన భాగమే హీట్‌సింక్. దాని స్క్రూల పక్కన 1, 2, 3 అని అంకెలుంటాయి. విప్పేది పెద్ద అంకె నుంచి వెనక్కి, బిగించేది 1 నుంచి ముందుకు, ఒక్కోటి రెండు మూడు చుట్లు చొప్పున. ఒకేదాన్ని చివరిదాకా బిగిస్తే పలక ఒక పక్కకు ఒరిగి సిలికాన్ మూల చిట్లవచ్చు. పాత పేస్ట్ గట్టిగా పట్టుకుని ఉంటుంది. విప్పే ముందు లాప్‌టాప్‌ని ఐదు నిమిషాలు వేడెక్కనిస్తే మెత్తబడుతుంది. పైకి గుంజొద్దు, అటూ ఇటూ కొద్దిగా మెలితిప్పండి.

తుడవడానికి 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కావాలి. మందుల షాపులో దొరికే 70 శాతం దాంట్లో నీళ్లుంటాయి. మొబైల్ రిపేరు సామాన్లు అమ్మే షాపుల్లో ఐపీఏ అంటే ఇస్తారు, హైదరాబాద్‌లో కోఠి గుజరాతీ గల్లీకి వెళ్తే సరి.

లక్షణం: మొదట 80 దగ్గర బాగానే ఉండి, పది పదిహేను నిమిషాల్లో మెల్లగా 95కి చేరడం

కారణం: అతుకు బాగుంది. చివరి మజిలీలో గాలి ఆడట్లేదు. వేడి రేకుల్లో పోగుపడి వెనక్కి తన్నుతోంది.

పరిష్కారం: ముందు దుమ్ము. బయటి కన్నాల్లోంచి బ్లోయర్‌తో ఊదితే సరిపోతుందనుకుంటారు. అసలు శత్రువు ఫ్యాన్‌కీ రేకులకీ మధ్య కంబళి ముక్కలా పేరుకున్న నూగు. పరుపు మీద పెట్టి ఆడే ఇళ్లలో, పెంపుడు జంతువులున్న ఇళ్లలో ఇది మరీ మందంగా ఉంటుంది. బయటి నుంచి ఊదితే అది ఫ్యాన్ గూట్లోకి జారి మళ్లీ అక్కడికే వస్తుంది. ఫ్యాన్ విప్పి, ట్వీజర్‌తో చాపలా చుట్టి తీయాల్సిందే. ఊదేటప్పుడు ఫ్యాన్ రెక్కని వేలితో ఆపి పట్టుకోండి, విపరీతంగా తిరిగితే బేరింగ్ పాడవుతుంది.

దుమ్ము లేకపోయినా ఇదే లక్షణం ఉంటే, ఒక పరీక్ష ఉంది. డబ్బు ఖర్చు లేనిది. కింది కవర్ పూర్తిగా తీసి, లాప్‌టాప్‌ని నాలుగు మూలలా రెండంగుళాల ఎత్తులో చెక్కముక్కల మీద నిలబెట్టి, అదే పది నిమిషాల పరీక్ష పెట్టండి. కింద లోహపు వస్తువులేవీ ఉండకూడదు, చేయి పెట్టకూడదు. ఏడెనిమిది డిగ్రీలు తగ్గితే కవరే గొంతు నొక్కుతోందని అర్థం. ఒకటి రెండు డిగ్రీలే తగ్గితే డ్రిల్ మిషన్ లోపల పెట్టేయండి, కన్నాలు పెట్టి లాభం లేదు.

కవరే దోషి అయితే మొదట ఎత్తు పెంచండి. వెనక రబ్బరు కాళ్ల కింద ఇంకో సెంటీమీటరు రబ్బరు అతికించడం కూడా మార్పే, చాలాసార్లు అదే చాలు. చాలకపోతే ఫ్యాన్ నోటికి సరిగ్గా ఎదురుగా ఉన్న భాగం కోసి, లోపలివైపు సన్నని నైలాన్ జాలీ అతికించండి. కోసేది కవర్‌ని లాప్‌టాప్ నుంచి విడదీశాకే. ప్లాస్టిక్ పొడి ఒక్క రేణువు కూడా లోపలికి రాకూడదు. ఎక్కడబడితే అక్కడ కన్నాలు పెట్టొద్దు. కొన్ని మోడళ్లలో కన్నాలు తక్కువ పెట్టడానికి కారణముంటుంది, గాలి ఎస్‌ఎస్‌డీ మీదుగా, పవర్ భాగాల మీదుగా పాకి ఫ్యాన్‌ని చేరేలా దారి వేసి ఉంటారు. ఫ్యాన్ ముందు పెద్ద ద్వారం తెరిస్తే సీపీయూ చల్లబడి, అవి మాడతాయి.

ఎవరూ పెద్దగా పట్టించుకోని మార్పు ఇంకొకటి ఉంది. వెనక నుంచి వదిలిన వేడి గాలిలో కొంత కింది నుంచి తిరిగి ఫ్యాన్ నోట్లోకే వస్తుంది. కవర్ కింద, గాలి పీల్చే చోటుకీ వదిలే చోటుకీ మధ్య మెత్తని ఫోమ్ టేపు గోడలా అతికించండి. లోపల ఫ్యాన్ మూతికీ రేకులకీ మధ్య సందు కనిపిస్తే అక్కడా అంతే. నా దానికి ఇది మూడు డిగ్రీలు తగ్గించింది. కోయడాలూ గీయడాలూ లేకుండా.

లక్షణం: ఒకటి రెండు కోర్లు 99, మిగతావి 83

కారణం: పలక ఒరిగి కూర్చుంది. పేస్ట్ మార్చాక ఇది మొదలైతే, అనుమానించాల్సింది థర్మల్ ప్యాడ్ల మందాన్ని. మెమరీ చిప్‌ల లాంటి పక్క భాగాల వేడిని హీట్‌సింక్‌కి చేర్చే మెత్తటి ముక్కలివి.

నా కథ ఇదే. ఒక సర్వీసు షాపులో పేస్ట్ మార్పించాను. ప్యాడ్లు చిరిగాయని కొత్తవి వేశారు. ఇంటికొచ్చి చూస్తే ముందుకంటే ఘోరం. పేస్ట్ పాడైందనుకుని నేను ఇంకో ఖరీదైన ట్యూబ్ తెప్పించి వేశాను, తేడా లేదు. రెండోసారి విప్పినప్పుడు పేస్ట్ అచ్చు చూస్తే గానీ బుద్ధి రాలేదు: చిప్ సగం మీద పలుచగా నలిగి ఉంది, మిగతా సగం మీద వెన్న రాసినట్టు దళసరిగా అలాగే ఉంది. మెమరీ చిప్‌ల మీద 1 మిల్లీమీటర్ ఉండాల్సిన ప్యాడ్ 1.5 వేశారు. ఆ అర మిల్లీమీటరే మొత్తం హీట్‌సింక్‌ని ఒక పక్క ఎత్తి పట్టుకుంది.

పరిష్కారం: పాత ప్యాడ్ నలగని అంచు దగ్గర వెర్నియర్‌తో కొలవండి. 0.5, 1, 1.5, 2 మిల్లీమీటర్లు మామూలుగా దొరుకుతాయి. ఒకే హీట్‌సింక్ మీద రెండు మూడు రకాల మందాలు ఉండొచ్చు, అన్నీ ఒకటే అనుకోకండి. ప్యాకెట్ మీద వేడి మోసే అంకె ఎక్కువున్న ప్యాడ్లు చాలావరకు గట్టిగా ఉంటాయి, నలగవు. ఇక్కడ మెత్తదనమే ముఖ్యం. మందం తేలకపోతే ప్యాడ్ బదులు ముద్దలా ఉండే థర్మల్ పుట్టీ వాడండి, నొక్కిన మేరకు అదే అణుగుతుంది. చివరికి నేనూ అదే వాడాను. 30 డిగ్రీల గదిలో అదే పరీక్షకు కోర్లన్నీ 84, 87 మధ్య నిలిచాయి.

ఏ ప్యాడ్ వేసినా మూత మూసే ముందు ఒకసారి బిగించి, విప్పి, పేస్ట్ అచ్చు చూడండి. అరగంట ఎక్కువ పడుతుంది. ఫేజ్ చేంజ్ షీట్ వేసేవాళ్లు ఈ అచ్చు పరీక్ష ఏదైనా చవక పేస్ట్‌తో చేసి, తుడిచి, తర్వాత షీట్ వేయాలి.

లక్షణం: సీపీయూ 75 దగ్గరే ఉంది, అయినా క్లాక్ 800 మెగాహెర్ట్జ్‌కి పడిపోతోంది

కారణం సీపీయూ కాకపోవచ్చు. దాని పక్కనుండి కరెంటు అందించే వీఆర్‌ఎం భాగాలు వేడెక్కితే అవే బ్రేకు వేస్తాయి. ముందు చార్జర్ చూడండి, తక్కువ వాట్ల చార్జర్‌తోనూ అచ్చం ఇలాగే అవుతుంది. చార్జర్ సరైనదే అయితే వీఆర్‌ఎం మీద ప్యాడ్ ఉందో లేదో చూసి, లేకపోతే హీట్‌సింక్ అంచు అందే చోట ప్యాడో పుట్టీయో పెట్టండి. చిన్న రాగి దిమ్మెలు అతికించే పద్ధతి కూడా ఉంది. నాకు భయం. జిగురు వేడికి సడలి ఒక దిమ్మె ఊడి బోర్డు మీద పడితే షార్ట్ సర్క్యూటే.

లక్షణం: అన్నీ చేశాం, చిప్ 97, బయటికొచ్చే గాలి మాత్రం చల్లగా

అతుకు అచ్చు బాగుండి, ఫ్యాన్ బాగా తిరుగుతూ, గాలి చల్లగా వస్తుంటే హీట్ పైపు చచ్చిందని అర్థం. దాని లోపల కొద్దిపాటి ద్రవం ఉంటుంది, చాలావరకు నీళ్లే. వేడి చివర ఆవిరై, చల్లటి చివర మళ్లీ ద్రవమై, గోడల వెంట పాకి వెనక్కి వస్తుంది. కంటికి కనపడని చీలిక పడి ఆ ద్రవం పోతే మిగిలేది బోలు రాగి గొట్టం. దానికి అతుకులు, మరమ్మతులు ఉండవు. హీట్‌సింక్ మీద స్టిక్కర్‌లో ఉన్న పార్ట్ నంబర్ ఫొటో తీసుకుని, సికింద్రాబాద్‌లోని సీటీసీ కంప్యూటర్ మార్కెట్ లాంటి చోట పాతవి విడగొట్టి అమ్మే షాపుల్లో అడగండి. కొనే ముందు ఒక పరీక్ష చేయండి. రాగి పలక చివరను వేడినీళ్ల గ్లాసులో ముంచి, రేకుల చివర వేలు పెట్టండి. పైపు బతికుంటే కొన్ని సెకన్లలోనే వేలికి వేడి తెలుస్తుంది.