మంచినీటి తాబేళ్ల లెక్క – 3వ పాఠం: పట్టి, గుర్తు పెట్టి, మళ్లీ పట్టడం

కిందటి పాఠంలో ఎండ కాచుకునే తాబేళ్లను దూరం నుంచి బైనాక్యులర్స్‌తో లెక్కపెట్టాం. నీటి అడుగున ఉన్నవి ఆ లెక్కలోకి రావు. మొత్తం ఎన్నున్నాయో అంచనా కట్టాలంటే వాటిని చేతిలోకి తీసుకోక తప్పదు. వన్యప్రాణి అధికారుల అనుమతి, పక్కన అనుభవమున్న మనిషి లేకుండా దీనికి దిగకండి.

ఎర కట్టిన వలబోనులో కొంత భాగం ఎప్పుడూ నీటిపైనే ఉండాలి. తాబేలు గాలి పీల్చి బతికే ప్రాణి. బోను పూర్తిగా మునిగితే లోపలే చచ్చిపోతుంది. రాత్రికి రాత్రి నీరు పెరగొచ్చు కాబట్టి లోపల మూత బిగించిన ఖాళీ సీసాలు కట్టండి. రోజూ వెళ్లి చూడండి. ఈ విషయంలో బద్ధకం క్షమించరానిది.

పై డిప్ప అంచు చుట్టూ చిన్న పలకలుంటాయి. ఒక్కో పలకకు ఒక్కో అంకె అనుకుని ఆకురాయితో సన్నని గాటు పెడతాం. 1939లో ఫ్రెడ్ కేగల్ ప్రచురించిన ఈ పద్ధతి మార్పులతో ఇప్పటికీ నడుస్తోంది. పై, కింది డిప్పలు కలిసేచోట మాత్రం గాటు పెట్టకూడదు. మెత్తని డిప్ప తాబేళ్లకు పలకలే ఉండవు. వాటికి చర్మం కింద మైక్రోచిప్ పెడతారు. ఆడో మగో, పొడవు, బరువు రాసుకుని పట్టిన చోటే వదలండి.

ఇక లెక్క. మొదటిసారి 39 తాబేళ్లకు గుర్తు పెట్టారు. రెండోసారి 29 దొరికాయి, వాటిలో 11 గుర్తున్నవి. మూడు సంఖ్యలకూ ఒకటి చొప్పున కలపండి: 40ని 30తో గుణించి 12తో భాగిస్తే 100. ఒకటి తీసేస్తే 99, అదే మొత్తం తాబేళ్ల అంచనా. ఇది చాప్‌మన్ సూత్రం.

ఒకసారి చిక్కిన తాబేలు బోనంటే భయపడి మళ్లీ రాకపోతే గుర్తున్నవి తక్కువ దొరికి, అంచనా పెరిగిపోతుంది. తరిగిపోతున్న జాతి విషయంలో అంతకంటే ప్రమాదకరమైన తప్పు లేదు.

సంఖ్య బాగున్నా మీరు రాసుకున్న పుస్తకంలో పిల్ల తాబేళ్ల పొడవులు కనబడకపోతే ఆందోళన పడాల్సిందే. తాబేళ్లు దశాబ్దాలు బతుకుతాయి. గుడ్లన్నీ నక్కల పాలైనా పెద్దవి చాలాకాలం కనబడుతూనే ఉంటాయి. అలాగని గూళ్లను కాపాడితే సరిపోదు. చాలా జాతులు గుడ్లు పెట్టే వయసుకు రావడానికే ఏళ్లు పడుతుంది. గుడ్లు పెట్టడానికి రోడ్డు దాటుతూ చనిపోయే ఒక్క ఆడ తాబేలు లోటును బోలెడు పిల్లలు కూడా తీర్చలేవు. అందుకే నా దృష్టిలో మొదటి ఖర్చు రోడ్డు పక్క కంచెకు, రోడ్డు కింద దారికి పెట్టాలి.

అభ్యాసం: మొదట 59కి గుర్తు పెట్టారు, రెండోసారి దొరికిన 39లో 14కు గుర్తుంది. అంచనా ఎంత? అరిగిన గాటు ఒకటి మీ కంట పడలేదని, నిజానికి గుర్తున్నవి 15 అని తేలితే ఎంత మారుతుంది? రెండూ కట్టి ఉంచండి, వచ్చే పాఠం అక్కడి నుంచే మొదలవుతుంది.