బౌల్డర్ వెళ్తే ఎక్కడ తినాలి

కొలరాడోలోని బౌల్డర్‌లో చదువుతున్న పిల్లల్ని చూడటానికి వస్తున్నారా? ముందు ఒక్క మాట, ఊరు సుమారు 1,650 మీటర్ల ఎత్తులో ఉంది కాబట్టి దిగిన రోజే కడుపు పట్టనంత తినేయకండి, నీళ్లు మాత్రం బాగా తాగండి.

ఒక్క పూటే టైముంటే నేరుగా దుశాంబే టీహౌస్‌కి వెళ్లండి. తజికిస్తాన్ రాజధాని దుశాంబే ఈ ఊరికి ఇచ్చిన కానుక అది. అక్కడి పనివాళ్లు చేత్తో చెక్కి, రంగులు వేసి, విడదీసి పెట్టెల్లో పంపితే ఇక్కడ మళ్లీ బిగించి 1998లో తెరిచారు. కూర్చోగానే తలెత్తి పైకప్పు చూడండి, అంగుళం ఖాళీ లేకుండా పువ్వులూ లతలూ, కింద హాలు మధ్యలో నీటి కొలను చుట్టూ ఏడు రాగి బొమ్మలు, నాకైతే టీ చల్లారిపోయినా తెలియలేదు! మాంసం తినని అమ్మానాన్నలకి కూడా ఇబ్బంది ఉండదు. వారాంతమైతే టేబుల్ ముందే బుక్ చేసుకోండి.

ఏప్రిల్ నుంచి నవంబర్ దాకా శనివారాల్లో ఆ పక్కనే 13వ వీధిలో రైతుబజార్ పెడతారు. ఆగస్టులో వెళ్తే కొలరాడోలోనే పాలిసేడ్ అనే ఊళ్లో పండే పీచ్ పళ్లు వదలొద్దు, కొరికితే రసం మోచేతి దాకా కారుతుంది, రుమాలు దగ్గర పెట్టుకోండి.

పిల్లలు బర్గర్, పిజ్జా అంటే యూనివర్సిటీ క్యాంపస్ పక్కన హిల్ అనే పేటలో 1923 నాటి ది సింక్ అనే రెస్టారెంట్ ఉంది, గోడల నిండా బొమ్మలే. యూనివర్సిటీ ఫుట్‌బాల్ మ్యాచ్ ఉన్న రోజు మాత్రం అటు వెళ్లకండి, నిలబడటానికి కూడా చోటు దొరకదు. ఊరి నడిబొడ్డున షాపులుండే పెర్ల్ స్ట్రీట్‌ని రాత్రి భోజనం తర్వాత నడకకి ఉంచుకోండి.